తలుపు పక్కన నిలబడిన పిల్ల

మాఘం వెళ్ళి ఎండలు ముదిరే రోజుల్లో కుప్పం సంతకు కొత్త చింతపండు వస్తుంది. గింజ తీసి ముద్ద కట్టింది అంగళ్ళలో దొరుకుతుంటే ఈ గింజ పండు దేనికని మా ఆయన ఏటా గొణుగుతూనే సంచి తెచ్చి వంటింటి ముందు పడేస్తాడు. గోనె మూతి విప్పగానే పులుపూ, ఎండు పెంకుల దుమ్మూ, అడుగున ఎక్కడో బెల్లంలాంటి తీపీ కలిసిన వాసన గుప్పుమంటుంది. ఎవరికైనా నోట్లో నీళ్ళూరాలి. నాకు మాత్రం ముందు వీపు చల్లబడుతుంది. నా వెనక ఎవరో నిలబడి, నేను నోరు తెరిచి ఏం చెబుతానా అని కాచుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, దేవుళ్ళ మీద కూడా పండగలప్పుడు మాత్రమే. అయినా ఆ వాసన తగిలినప్పుడల్లా నాగరత్నమ్మక్క గుర్తుకొస్తుంది. ఆమె ఒక్కతే రాదు, ఆమె చెప్పిన పిల్లను కూడా వెంటబెట్టుకుని వస్తుంది.

నేను పుట్టింది మదనపల్లెలో. ఇంటర్ ఫెయిలై ఇంట్లో కూర్చున్న ఏడాది పుంగనూరు సంబంధం వచ్చింది. తొంభైల మొదట్లో సంగతి ఇది. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. మా అత్త మునిలక్ష్మమ్మ చింతపండు మండీకి పనికి పోయేది. పెళ్ళయిన మొదటి ఎండాకాలమే నన్నూ వెంట తీసుకుపోయింది. పొడుగాటి రేకుల షెడ్డు, మధ్యలో గుట్టలుగా పోసిన చింతకాయలు, చుట్టూ ఆడవాళ్ళు. కొందరు పెంకు ఒలుస్తారు, కొందరు నార లాగుతారు, కొందరు చిన్న ఇనుప కడ్డీతో కొట్టి గింజ రాలుస్తారు. సాయంత్రానికి వేళ్ళ సందులు మండిపోతాయి. సినిమాలు తెగ చూసి, వారపత్రికల సీరియళ్ళు నమిలి మింగిన దాన్ని, నా బతుకు ఈ దుమ్ములో తెల్లారిపోతుందని మొదటి రోజే ఏడుపొచ్చింది. మరుసటి రోజు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, షెడ్డులో మాటలన్నీ సద్దుమణిగాయి. మూల స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక సన్నటి మనిషి గొంతు సవరించుకుంది. మండీ శెట్టి కూడా తన కుర్చీ ఇటువైపు తిప్పుకున్నాడు.

"నాగరత్న నిన్న మదనపల్లెకు పొయ్యొచ్చింది. గమ్మునుండి ఇను," అని అత్త నా చెవిలో చెప్పింది.

అక్కడ పనిచేసే వాళ్ళలో సినిమా హాలు గడప తొక్కేవాళ్ళు తక్కువ. మొగుళ్ళు పోనివ్వరు, పిల్లలు వదలరు, పని చేసి చేసి ఒళ్ళు సహకరించదు. అందుకని కొత్త సినిమా వచ్చినప్పుడల్లా నాగరత్నమ్మక్క మదనపల్లెకు పోయి మ్యాట్నీ చూసొచ్చేది. ఆ తర్వాత వారం పది రోజులు ఆ కథ షెడ్డులో కొంచెం కొంచెంగా నడిచేది. ఆమె చెప్పడంలో ఆర్భాటం ఉండదు. పాటలు పాడదు. ఫైట్లయితే "కొట్టుకున్నారు" అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఇంట్లో మనుషుల మధ్య జరిగేది మాత్రం పొల్లు పోనివ్వదు. తల్లి ఎవరికి ముందు వడ్డించింది, ఎవరు ఎవరి కంచం వైపు చూశారు, కోడలు ఏ మాట దగ్గర తల దించుకుంది, అన్నీ ఆమెకు కావాలి. వినేవాళ్ళు కూడా ఊరికే వినేవాళ్ళు కాదు. "ఆ పెద్ద కొడుకు అచ్చం మా మరిదేనమ్మా," అని ఒకామె అనగానే ఆ కథ అయిపోయేదాకా వాడు అందరికీ ఆమె మరిదే. ఇంకొకామె కథలో అత్తను తిట్టీ తిట్టీ, ఇంటికి పోయి సొంత అత్తకు నెమ్మదిగా అన్నం పెట్టేది. హీరో పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ రోజు కథలో తండ్రి ఆస్తి పంచుతున్నాడు. కొడుకులు ఒకరి మీద ఒకరు లేస్తున్నారు. నాగరత్నమ్మక్క అక్కడ ఆగింది. "ఆ పిల్ల తలుపు పక్కన నిలబడుండాది," అంది. "పసుపు చీర కట్టుకోనుండాది. ఎవురూ పలకరించలే. అన్నీ ఇంటాండాది."

షెడ్డులో కడ్డీలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"అన్నం తినిందా అక్కా?" అని ఎవరో అడిగారు.

"తిన్నట్లే ఉండాది. మొకం వాడలే."

అందరూ ఊపిరి వదిలి మళ్ళీ పనిలో పడ్డారు. కథ ముందుకు పోయింది. ఆ పిల్ల ఎవరో, ఆ ఇంటికి ఏమవుతుందో నాగరత్నమ్మక్క చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ నెలలోనే పుట్టింటికి పోయినప్పుడు అదే సినిమా చూశాను. పసుపు చీర పిల్ల కోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. ఆస్తి పంచే సీను వచ్చింది. తలుపుంది, దాని పక్కన ఒక కూజా ఉంది, మనిషి లేదు. సినిమా అయిపోయేదాకా ఎక్కడా అలాంటి మనిషి కనబడలేదు. చదువుకున్నదాన్నన్న పొగరు ఇంకా దిగలేదు కాబట్టి, తిరిగొచ్చిన రోజే అందరి ముందూ అడిగేశాను.

"అక్కా, ఆ సినిమాలో పసుపు చీర పిల్ల లేదే. మొదటి నుంచి సూస్తిని."

ఆమె కడ్డీ ఆపలేదు. "నువ్వు ఎవురి దిక్కు సూస్తాంటివి?"

"మాట్లాడేవాళ్ళ దిక్కు."

"ఆ పిల్ల మాట్లాడదు కదా పాపా," అంది. కోపం లేదు, ఎగతాళి లేదు. వానలో తడవొద్దు అన్నట్టు చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం నా వైపు చూడడం మానేశారు.

ఇంటికి పోయే దారిలో అత్త నన్ను దులిపేసింది. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తొద్దంది. కాసేపు నడిచాక తనే నెమ్మదించి, "నేను మండీకి వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఇంకా చిన్నది," అంది. "గౌను ఏసుకోనుండే. కొన్నేండ్లకు పావడ. ఆ మీదట ఓణీ. చీర కట్టేది ఈ మద్దెనే."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఏటేటా వేరే సినిమా, వేరే కథ, వేరే మనుషులు. వాటన్నిటి గుండా ఒక పిల్ల నడిచొస్తూ పెద్దదవుతూ ఉంది. మిట్టమధ్యాహ్నపు వేడి ఇంకా దిగని రోడ్డు మీద నాకు ఒళ్ళు జలదరించింది. అప్పుడు అత్త మిగతాది చెప్పింది.

"నాగరత్నకు ఒక చెల్లెలుండె. తల్లి సచ్చిపోయినాక ఈ యమ్మే సాకింది. ఒగసారి ఇద్దరూ మదనపల్లెలో సినిమాకు పొయ్యిరి. ఆట అయిపోయినాక ఆ మనుషులంతా యాడికి పోతారక్కా అని ఆ పిల్ల అడిగిందంట. తెర ఎనక వాళ్ళకు ఇండ్లుండాయి, ఆడికి పోతారు అని ఈ యమ్మ నగతా సెప్పింది. ఇంటర్వెల్లో జనం లేసిరి. ఆ తోపులాటలో పిల్ల సెయ్యి జారిపాయ. తెర పక్క సందులోకి పోతాంటే ఎవురో సూసినారంట. ఆ సందుకు అవతల ఈదిలోకి వాకిలుండాది. పోలీసోళ్ళు ఈదులన్నీ ఎతికిరి, బస్టాండు ఎతికిరి. ఈ యమ్మ మాత్రం తెర దిక్కే సూస్తా ఉండిపాయ."

"అంటే ఆ పిల్ల సినిమా లోపలికి పోయిందనుకుంటాండాదా?"

"నువ్వు పోలేదని సెప్పు సూద్దాం, ఆ యమ్మ మొకం సూసి," అంది అత్త.

తెలివున్నదాన్నయితే ఆ రోజు నుంచి నాగరత్నమ్మక్కకు దూరం జరగాలి. నేను దగ్గరికి జరిగాను. దానికి కారణం ఉంది. ఆ ఏడాదే నాకు మొదటి కడుపు నిలవలేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అదే నాకు మరీ కష్టంగా ఉండేది. అత్త నా ముందు గిన్నెలు కూడా చప్పుడు కాకుండా పెట్టేది. తిరిగి పనికి పోయిన రోజు నాగరత్నమ్మక్క ఏదో అన్నదమ్ముల కథ చెబుతోంది. మధ్యలో ఆగి, "ఆ పిల్ల ఈ పొద్దు పెరట్లో ఒక్కతే కూసోనుండాది. ఏడస్తాండాది. యాలనో ఇంట్లో ఎవురికీ తెలీదు," అంది. నా వైపు చూడలేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. కథలో పిల్ల కోసం ఏడుస్తున్నానని చుట్టూ ఉన్నవాళ్ళు నా వీపు నిమిరారు, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తామూ ఏడ్చారు. ఎవరికోసం ఏడుస్తున్నానో నాకూ తెలియలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

ఆ తర్వాత ఆమెతో కలిసి కొన్నిసార్లు మదనపల్లెకు పోయాను. ఆమె ఎప్పుడూ చెల్లెలు తప్పిపోయిన ఆ పాత హాలుకే పోయేది. నేల క్లాసులో, ఆడవాళ్ళ వైపు, తెరకు బాగా దగ్గరగా కూర్చునేది. హీరో ఎంత పెద్ద డైలాగు చెబుతున్నా ఆమె చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయేది. జాతరలో మన మనిషిని వెతుక్కున్నట్టు కళ్ళు చిట్లించి చూసేది. ఉన్నట్టుండి ఆమె మొహం విచ్చుకునేది. నేనూ అటే చూసేదాన్ని. ఒక కిటికీ, ఒక పరదా, దండెం మీద ఆరేసిన చీర. "సూస్తివా?" అనేది. "ఊ," అనేదాన్ని. మొదట్లో మర్యాదకు అన్నాను. తర్వాత్తర్వాత ఎందుకు అన్నానో నాకే తెలియదు. ఒకటి మాత్రం నిజం. నేను అంతకుముందు వందల సీరియళ్ళు చదివాను గానీ, కథానాయిక వెనక నిలబడిన మనిషికి కూడా ఆకలేస్తుందని నాకు తట్టలేదు. ఆమె పక్కన కూర్చున్నాకే తట్టింది.

మరో ఏడాదికి ఆ పిల్లకు కథల్లోనే పెళ్ళయింది. పెళ్ళికొడుకు మంచివాడా కాదా అని షెడ్డులో రెండు వర్గాలయ్యాయి. కొందరు నాగరత్నమ్మక్కతో పోట్లాడారు కూడా, ఇంకొంచెం విచారించి ఇవ్వాల్సిందని. ఆ పైన నాకు నెల తప్పింది. నేను ఇంకా అత్తకు కూడా చెప్పకముందే నాగరత్నమ్మక్క ఆ వారం కథలో, "ఆ పిల్ల తలుపు కాడ నిలబడలేక కూసునింది. నీళ్ళోసుకోనుండాది," అంది. అప్పటి నుంచి ఒక భయం పట్టుకుంది. ఆ పిల్లకు ఏదైతే నాకూ అదే అవుతుంది. నన్ను చూసే ఆమె కథ అల్లుతోందని సర్దిచెప్పుకునేదాన్ని. కానీ ఆ పిల్లకు కాళ్ళు వాచాయని ఆమె చెప్పింది సోమవారం. నా కాళ్ళు వాచింది శుక్రవారం. ఇక ఆ పిల్ల క్షేమమే నా క్షేమం అయిపోయింది. కథ మొదలుకాగానే నా రెండు చేతులూ వాటంతటవే కడుపు మీదికి పోయేవి.

ఏడో నెలలో షెడ్డు ఆడవాళ్ళంతా నాకు గాజులు తొడిగారు. చిత్రాన్నం, చక్కెర పొంగలి చేసుకొచ్చారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, పక్కన ఇంకో పీట వేశారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన ఆకుపచ్చ గాజులు పెట్టారు. నా మీద అక్షతలు వేసిన ప్రతి చెయ్యీ ఆ పీట మీద కూడా వేసింది. నేను నవ్వబోయి, అత్త మొహం చూసి ఆగిపోయాను. ఎవరూ నవ్వడం లేదు. కూర్చున్నంతసేపూ ఆ పీట వైపున్న నా చెయ్యి చల్లగా ఉండింది. అంతా అయ్యాక నాగరత్నమ్మక్క ఆ గాజులను కొంగున కట్టుకుంది.

"తొలి కాన్పు పుట్టింట్లోనే కదా జరగాల. దానికి ఉండే పుట్టిల్లు నాదే. పోయి పిలుచుకోనొస్తా," అంది.

ఆ మాట ఎవరూ ఊహించలేదు. కథలో పిల్లకు పెళ్ళి చేసింది మేమే, గాజులు పెట్టింది మేమే, ఇప్పుడు పుట్టింటికి రావద్దని ఏ నోటితో అంటాం? ఆమె పసుపు కుంకుమ, కొత్త చీర, గాజులు సంచిలో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కింది. సాయంత్రం ఒక్కతే దిగింది. సంచి ఖాళీగా ఉంది. "వస్తాదంట. రేపోమాపో," అంది. సంచిలోవి ఏం చేసిందని అడిగే ధైర్యం మాలో ఒక్కరికీ లేకపోయింది.

ఇంటికి సున్నం కొట్టింది. నులక మంచం బిగించింది. పాత నూలు చీరలు చింపి, ఉతికి, పసిబిడ్డ గుడ్డలు మడతలు పెట్టింది. వసకొమ్ము, ఆముదం తెచ్చి గూట్లో పెట్టింది. ఆ తర్వాత పనికి రావడం మానేసి, బస్సులు వచ్చే దిక్కుకు తిరిగి గడప మీద కూర్చుంది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని, "అది రానీ, కలిసి తింటాం," అనేది. ఎముకలు తేలాయి. షెడ్డులో కథ ఆగిపోయింది. కడ్డీల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ పిల్లకు నెలలు నిండాయి, నాకూ నిండబోతున్నాయి. రానిదాని కోసం నాగరత్నమ్మక్క ఆ గడప మీదే పోతుందని అందరికీ తెలుస్తోంది. కాన్పు కాకుండా ఆ కథ అక్కడే ఆగిపోతే నా సంగతేమిటని నాకు భయం.

"నువ్వు పోయి సూసిరా పాపా," అంది మా అత్త ఒకరోజు, అందరి ముందూ. "సూసేది నీకే కదా నేర్పించింది."

"ఏం సూసి రమ్మంటావత్తా? ఆడ ఏముండాది?"

"ఉంటే ఉండేది సూసిరా. లేకపోతే ఏదో ఒగటి పట్టుకోనిరా. ఉత్తచేతులతో మాత్రం రావద్దు."

మదనపల్లె ఆస్పత్రిలో చూపించుకోవాల్సిన రోజు రానే వచ్చింది. చూపించుకుని, అక్కడి నుంచి ఆ పాత హాలుకే మ్యాట్నీకి పోయాను. తోడికోడళ్ళ కథ ఏదో ఆడుతోంది. హాల్లో జనం పలుచగా ఉన్నారు. ఒక సినిమాలో ఎన్ని తలుపులు ఉంటాయో నాకు ఆ రోజే తెలిసింది. ఒక్క తలుపు కూడా వదలకుండా చూశాను. ఎక్కడా ఎవరూ లేరు. ఇంటర్వెల్లో అందరూ బయటికి పోయాక, నేను లేచి తెర పక్కనున్న సందు దాకా నడిచాను. ఎందుకు నడిచానో అడిగితే చెప్పలేను. చెమ్మ పట్టిన సున్నం వాసన, చివర తుప్పు పట్టిన తాళంతో ఒక తలుపు. అంతకుమించి ఏమీ లేదు. వెనక్కి తిరుగుతుంటే పసిబిడ్డ ఏడుపు వినబడింది. హాల్లోనో, బయట వీధిలోనో ఏ తల్లి చంకలోనో ఏడుస్తుండొచ్చు. నాకు మాత్రం అది తెర అవతలి నుంచి వచ్చింది. నా కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. రెండో సగం చూడకుండా బస్టాండుకు వచ్చేశాను.

బస్సులో కూర్చుని చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను. పిల్ల వస్తోందంటే ఆమె జన్మంతా ఆ గడప మీదే కూర్చుంటుంది. పోయిందంటే ఆమె ఆ నిమిషమే పోతుంది. పుంగనూరులో దిగి నేరుగా ఆమె ఇంటికే నడిచాను. ఇంకా ఎండ ఉంది. షెడ్డు ఆడవాళ్ళు చేతులకు చింతపండు జిగురుతోనే వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆమె చెప్పే పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఫలానా ఇల్లు, ఇద్దరు కోడళ్ళు, పెద్దామెకు నోరెక్కువ. నాగరత్నమ్మక్క కళ్ళెత్తింది.

"తలుపు పక్కన?"

"తలుపు పక్కన లేదక్కా. లోపల మంచం మీద పండుకోనుండాది. కాన్పయింది."

"పుట్టింటికి రాకుండానేనా?"

"నొప్పులు ముందరే వచ్చేసినాయి. బస్సెక్కేంత టయిము లేకపాయ. వాళ్ళత్త మంచి మనిషక్కా. పక్కనే కూసోని తల నిమరతాండాది. పొయ్యి మీద నీళ్ళు కాగతాండాయి."

"బిడ్డ?"

"ఆడబిడ్డ."

"ఏడ్సిందా?"

"ఏడ్సింది. నా సెవులారా ఇంటిని." అంతసేపటిలో నేను చెప్పిన నిజం అదొక్కటే. దాని వెంబడే, నేను అనుకోని మాట ఒకటి నా నోట్లోంచి వచ్చింది. "బిడ్డకు పాలిస్తా, ఎడం సెవి తమ్మె రెండు వేళ్ళతో నలుపుకుంటా ఉన్నింది."

నాగరత్నమ్మక్క నా మొహంలోకి చూసింది. "నిద్రొస్తే అట్లనే నలుపుకునేది," అంది. "ఎవురు సెప్పిరి నీకు?"

"ఎవురూ సెప్పలేదక్కా."

నేను అత్త వైపు చూశాను. ఆమె బిత్తరపోయి తల అడ్డంగా ఊపింది. నాగరత్నమ్మక్క చెప్పిన ఏ కథలోనూ ఆ పిల్ల అలా చేయలేదు. అక్కడున్న ఎవరికీ ఆ సంగతి తెలియదు. వీధిలో ఎండ అలాగే ఉంది, నా మెడ వెనక మాత్రం ఎవరో ఊపిరి వదిలినట్టు చల్లబడింది.

నాగరత్నమ్మక్క ఇంకొక్కటే అడిగింది. "నన్ను అడిగిందా?"

అడిగిందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. "లేదక్కా," అన్నాను. "నెమ్మదిగా ఉండాది."

ఆమె తల ఊపింది. ఊపుతూనే ఉంది. "అడగకపోతే మంచిదేలే. ఆడ కుదురుకునింది," అంది. గడప మీద నుంచి లేవబోయి లేవలేకపోతే ఇద్దరు పట్టుకున్నారు. "ఏమ్మే మునిలక్షుమీ, అన్నముంటే పెట్టు. ఆకలైతాండాది," అంది మా అత్తతో. ఆమె తింటుంటే మేమంతా చుట్టూ కూర్చుని చూస్తూ ఏడ్చాం. అంత కడుపు నిండిన ఏడుపు నేను మళ్ళీ ఎన్నడూ ఏడవలేదు.

ఆ తర్వాత ఆమె మండీకి వచ్చింది గానీ సినిమాకు పోలేదు. ఎవరైనా బతిమాలితే, "సూడాల్సింది సూసేస్తిమి కదా," అనేది. నాకు మదనపల్లెలో కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. నొప్పులు పడుతున్నంతసేపూ నా పక్కన ఇంకో మంచం ఉన్నట్టే ఉండింది, మత్తో మరొకటో తెలియదు. పాపను తొట్టిలో వేసిన రోజు నాగరత్నమ్మక్క తను మడతలు పెట్టిన మెత్తటి గుడ్డలన్నీ తెచ్చి ఇచ్చింది. "ఆడ వాళ్ళకు కొదవేమీ లేదు. నీ బిడ్డకు వాడు," అంది. నన్ను మళ్ళీ ఇంటర్ కట్టమని వెంటబడింది ఆమే. "ఇంత సూసేదానివి, పుస్తకం సూడలేవా?" అనేది. పాసయ్యాను. అంగన్‌వాడీలో చేరి, కొన్నేళ్ళకు సూపర్‌వైజరునై కుప్పం వచ్చాను. మేం వచ్చిన ఏడాదే ఆమె పోయింది. చిన్న జబ్బే, ఎవరినీ కష్టపెట్టలేదు.

గుడుపల్లె వైపు పల్లెల్లో సెంటర్లు చూడడానికి పోయినప్పుడు, పిల్లలు బిలబిలమంటూ చుట్టూ చేరి పాటలు అప్పజెబుతారు. నా చూపు వాళ్ళ తలల మీదుగా తలుపు దగ్గరికి పోతుంది. అక్కడ ఒక పిల్లో పిల్లాడో నిలబడే ఉంటారు, లోపలికి రాలేక, బయటికి పోలేక. నా పని అక్కడి నుంచి మొదలవుతుంది. మా టీచర్లు ఇది నా చాదస్తం అనుకుంటారు. నవల చదివినా అంతే, నలుగురు మాట్లాడుకునే గదిలో ఐదో మనిషి ఎక్కడుందా అని వెనక పేజీలు తిరగేస్తాను. నాగరత్నమ్మక్క నాకు ఇచ్చింది ఇదేనని, ఇంతటితో సరిపోయిందని చాలా రోజులు అనుకున్నాను.

పాప మూడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం కుప్పంలో మ్యాట్నీకి పోయాం. అరవ సినిమా, మాటలు సగమే అర్థమవుతున్నాయి. తెర మీద తండ్రీ కొడుకూ వాదించుకుంటున్నారు. పాప నా మోచెయ్యి లాగింది.

"అమ్మా, ఆ యమ్మ ఎవురు?"

"ఏ యమ్మ?"

"తలుపు కాడ నిలబడుండాది కదా. ఎవురూ పలకరించరే?"

నేను చూశాను. తలుపుంది. ఎవరూ లేరు. ఆ కథ నేను పాపకు ఎప్పుడూ చెప్పలేదు, మా అత్తనూ చెప్పనివ్వలేదు. అక్కడితో మాట మళ్ళించి, పాపను బయటికి తీసుకుపోవచ్చు. కానీ ఆ రోజు గడప ముందు నేను చెప్పిందాంట్లో ఎంత నిలిచిందో తెలుసుకోవాలన్న ఆత్రం నన్ను ఆగనివ్వలేదు.

"ఒక్కతే ఉండాదా?" అని అడిగాను.

పాప కళ్ళు చిట్లించి చూసింది. "లేదు. పక్కన ఒక పిల్ల ఉండాది. నాయంత ఉంటాది."

అంతలో సీను మారిపోయింది. పాప ఆ సంగతి మరిచిపోయి మరమరాలు తినడంలో పడింది. నాకు భయం వేయాలి, వేయలేదు. పాపంత పిల్ల అంటే మూడో తరగతి వయసు, ఆ తెర వెనక ఇండ్లలో బడి ఉంటుందో ఉండదో అన్న దిగులు మాత్రం వచ్చి గుండెలో కూర్చుంది. అది ఇప్పటికీ లేవలేదు. మా పాపకు ఉద్యోగం వచ్చింది, సంబంధాలు వస్తున్నాయి. ఒక్కో అబ్బాయి గురించి ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు, ఆ తెర వెనక పిల్లకు సంబంధం ఎవరు చూస్తున్నారని నా మనసు అటు పోతుంది. ఇది మా ఆయనతో అనలేను, అడగడానికి నాగరత్నమ్మక్క లేదు. అందుకే కొత్త సినిమా వచ్చినప్పుడల్లా ఎవరికీ చెప్పకుండా మ్యాట్నీకి పోయి, తెరకు దగ్గరగా కూర్చుంటున్నాను.